ముఖం చూసి గాజులు తొడిగే అమీనా బీ

ఏన్కూరులో నా కుట్టుమిషన్ దుకాణం పక్కనే అమీనా బీ గాజుల కొట్టు. ముప్పై ఏళ్ళలో ఆమె గాజులు తొడిగేటప్పుడు చేతివైపు చూడగా నేను చూడలేదు. చూపంతా ఎదుటి మనిషి ముఖం మీదే. నొప్పి ముందు ముఖంలోనే తెలుస్తుందంటుంది. నోరు ఏదో ఊరి ముచ్చట చెబుతూ ఉంటే చెయ్యి తన పని తాను చేసుకుపోయేది. ఎదుటివాళ్ళ నవ్వు ఆగేసరికి డజను గాజులు మణికట్టు మీద ఉండేవి. ఆ వాగుడు వింటూ నేనెన్ని జాకెట్లు చెడగొట్టానో!

కిందటి వానాకాలంలో ఒకరోజు చాయ్ కప్పు అందుకోబోతే చెయ్యి కప్పును దాటిపోయి గోడకు తగిలింది. నవ్వేశాం. తర్వాత నడకలో కాళ్ళు ఎడంగా పడటం మొదలైంది. బస్టాండులో ఎవడో "ఏంది బీ, పొద్దుగాలే కల్లు తాగినవా?" అన్నాడట. చుక్క ముట్టని మనిషి. ఆ రోజు కొట్టు మూసి లోపల కూర్చుని ఏడ్చింది. దిష్టి అన్నారు, తాయెత్తు కట్టారు. నాకు ఒళ్ళు మండింది. నేనూ ఆమె కూతురు సుమయ్యా పట్టుబట్టి ఖమ్మం దవాఖానాకు తీసుకెళ్ళాం.

డాక్టరు స్కానింగు ఫిల్ములో తల వెనుక భాగం చూపించాడు. "ఇది చిన్న మెదడు. చెయ్యి ఎంత దూరం పోవాలె, ఎక్కడ ఆగాలె, మనం ఆలోచించకుండనే ఇది సరిచేస్తది. మీకిది మెల్లగ కుంచించుకుపోతుంది. ఇగ ప్రతి పనీ చూసి, ఆలోచించి చెయ్యాలె. మాట్లాడుకుంట చెయ్యొద్దు."

"ఒక్క చెయ్యేనా సారూ?"

"మాట, ఆలోచన, కోపతాపాలు... వాటిల్ల గూడ దీనికి పనుంటది. అందరికీ ఒక్కతీరు రాదు. చూద్దాం."

తిరుగు బస్సులో ఆమె నా చెయ్యి వదల్లేదు. "చెయ్యి పోతే పోనీ చెల్లె. మాట గూడ పోతే, ఇగ మిగిలేది అమీనానేనా?" అంది. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. తెలిస్తే ఆమె ముందు చెయ్యెవరు చాపుతారు?

పది రోజులకు తండా నుంచి రూప్లి వచ్చింది. కూతురు భార్గవికి శ్రీమంతం. "నా పెండ్లికి నువ్వే తొడిగినవ్ అక్కా. నా బిడ్డకు గూడ నువ్వే తొడగాలె." అమీనా బీ కాదనలేకపోయింది. సుమయ్యనూ నన్నూ వెంటబెట్టుకుని వెళ్ళింది.

మొదటి నాలుగు గాజులు తలవంచి, పెదవులు బిగించి, చేతినే చూస్తూ తొడిగింది.

"ఏంది అమీనత్తా, మాట్లాడతలేవు? నా మీద కోపమా?" అంది భార్గవి.

ముప్పై ఏళ్ళ అలవాటు. అమీనా బీ తలెత్తింది, నవ్వింది, నోరు తెరిచింది. చెయ్యి దాటిపోయింది. ఆకుపచ్చ గాజు చిట్లి భార్గవి మణికట్టు మీద సన్నటి నెత్తుటి గీత పడింది.

కడుపుతో ఉన్న పిల్ల చేతిమీద గాజు చిట్లితే నలుగురూ ఏమనుకుంటారో నేను చెప్పక్కర్లేదు. ఆడవాళ్ళ పాట ఆగిపోయింది. రూప్లి ముఖం పాలిపోయింది. భార్గవి కడుపు మీద చెయ్యి పెట్టుకుంది.

అమీనా బీ ఒక్క క్షణం నా వంక చూసింది. ఆమె ఏం చేయబోతోందో నాకు అర్థమైంది.

"నీ బిడ్డకేం కాదు తల్లీ. ఇది అపశకునం కాదు, నా రోగం. నా తలకాయల చిన్న మెదడు ఎండిపోతుంది. ఆర్నెల్ల సంది చెయ్యి నా మాట ఇంటలేదు. దాచిపెట్టి వచ్చిన. తప్పు నాది."

ఆ మాటతో నలుగురి ముందూ తన కొట్టు తానే మూసేసుకుంది.

రూప్లి కూతురి చేతిని కొంగుతో తుడిచి, సుమయ్యను పిలిచింది. "నువ్వు తొడుగు బిడ్డా. మీ అమ్మ ముచ్చట చెప్తది."

సుమయ్య తొడుగుతుంటే, అమీనా బీ నా పక్కన నా చెయ్యి పట్టుకుని కూర్చుని భార్గవి ముఖం చూస్తూ, రూప్లి పెళ్ళిలో మేక పూలదండ తినేసిన ముచ్చట ఎత్తుకుంది. భార్గవి ముఖంలోకి మళ్ళీ రంగు వచ్చింది, నవ్వింది. "మేక దండ తిని... దం... దండ..." మాట సాగి ఆగిపోయింది. మళ్ళీ అంది, మళ్ళీ అక్కడే తట్టుకుంది. ముచ్చట మరిచిపోయిందనుకుని ఆడవాళ్ళు ఇంకా నవ్వారు. సుమయ్య చేతిలో గాజు మాత్రం కదలడం లేదు.

"ఆగకు" అని అమీనా బీ కూతురికి సైగ చేసింది. ఇందాక చేతిని చూసినట్టే, ఇప్పుడు తన మాటను చూసుకుంటూ, ఒక్కొక్కటీ కూడబలుక్కుంటూ మేకను ముచ్చట చివరిదాకా తీసుకెళ్ళింది. అందరూ చప్పట్లు కొట్టారు. నా చేతిలో ఆమె చెయ్యి మంచులా చల్లగా ఉంది.