మడ్‌గార్డుకు పెట్టిన తలుపు

పాత కారు పక్కన నిలబడి "ఒరిజినల్ చెడగొట్టకూడదు" అని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆ మాట అనేవాళ్ళలో ఒక్కడూ బానెట్ కింద చెయ్యి పెట్టిన పాపాన పోడు.

మాది అంబాసిడర్. నంద్యాల నుంచి శ్రీశైలానికి మా నాయన బాడుగలు తోలిన బండి. పెట్రోల్ ఇంజిన్ తీసేసి డీజిల్ ఇంజిన్ ఎక్కించాక లోపల చెయ్యి దూరే సందు లేకుండా పోయింది. డీజిల్ గొట్టంలో గాలి చేరి బండి ఆగినప్పుడల్లా, ఆ వెడల్పాటి మడ్‌గార్డు మీద బోర్లా పడి, కాలుతున్న సైలెన్సర్ పైపు పక్కనుంచి చెయ్యి దించి, ఆ గాలి పోయేలా నట్టు వదులు చెయ్యాలి. నాయన కుడి చేతి నిండా ఆ పైపు పెట్టిన వాతలే. వయసులో ఉన్నప్పుడు అవి మానేవి. షుగర్ వచ్చాక పుండ్లయ్యాయి. ఇంకోసారి కాలితే వేళ్ళు దక్కవని డాక్టర్ మొహం మీదే చెప్పాడు. బండి వదిలెయ్యమంటే నాయన వినే రకం కాదు. చెయ్యి పట్టే దారైనా చేద్దామనుకున్నాను.

నంద్యాలలో టింకరింగ్ చేసే భాయ్ మడ్‌గార్డు పై రేకూ, దాని లోపలి రేకూ కోసి, కీళ్ళు బిగించి, పైకి లేచే తలుపు పెట్టాడు. తలుపెత్తి స్టూలు మీద కూర్చుంటే నట్టు ఎదురుగా ఉంటుంది, పైపు దూరంగా ఉంటుంది.

"ఇంగ కూచోని చేసుకో పెద్దాయనా" అన్నాడు భాయ్. నాయన చాలాసేపు ఆ తలుపును ఎత్తుతూ దించుతూ కూర్చున్నాడు.

మా చిన్నాయన ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కుతాడు. చెక్కేటప్పుడు వేలో ముక్కో విరిగిన విగ్రహాలు ఆయన పెరట్లో గోడ వారన పడి ఉంటాయి. దసరా ఆయుధపూజకు మా ఇళ్ళలోని బళ్ళన్నీ ముందురోజే ఆయన వాకిట్లో చేరాలి. మా బండి పెట్టి వద్దామని పోతే, తలుపు చూసి ఆయన గయ్యిమన్నాడు.

"ఏందిరా ఇది? బంగారట్లాంటి బండిని కోసి పెట్టినావు! భిన్నమైందానికి యాడన్నా పూజ చేస్తారా?"

"ఇది రేకు చిన్నాయనా, దేవుడు కాదు" అన్నాను. బండి అక్కడే పెట్టి నేనూ నాయనా ఇంటికొచ్చేశాం.

మర్నాడు పూజకు పోతే మడ్‌గార్డు నున్నగా మెరుస్తోంది. మేం అటు వెళ్ళగానే వెల్డర్‌ను పిలిపించి, తలుపు అతికించేసి, లప్పం పెట్టి రంగు కొట్టించాడట! పైగా దానికి నిమ్మకాయల దండ. ఇంజిన్ మార్చినప్పుడు పోని ఒరిజినల్, నాయన చెయ్యి కోసం రేకు కోస్తే పోయిందా? నోరు తెరవబోయాను. పండగ పూట వద్దని నాయన నా భుజం పట్టి వెనక్కి లాగాడు.

పూజయ్యాక దొర్నిపాడులో చుట్టాలను దించి గోస్పాడు మీదుగా వస్తుంటే డీజిల్ అయిపోయి గొట్టంలో గాలి చేరింది. నేను క్యాను తీసుకుని పోయాను. నేను వచ్చేలోపు నట్టు వదులు చేసి పెడదామనుకున్నాడు నాయన. తిరిగి వచ్చేసరికి మడ్‌గార్డుకు ఆనుకుని, మోచెయ్యి పట్టుకుని కూర్చుని ఉన్నాడు. అరచెయ్యీ వేళ్ళూ కమిలిపోయాయి. ఎందుకు పెట్టావని అరిచాను.

"తలుపు మూసేసినారు గదప్పా. ఇంగ యాడ పెట్టాల చెయ్యి?" అన్నాడు.

పుండు మానలేదు. రెండు వేళ్ళు తీసేశారు.

చిన్నాయన ఆసుపత్రికి పండ్లు తెచ్చాడు. మంచం పక్కన కూర్చుని, ఆ రోజు బండిని రోడ్డు మీద వదిలేయలేదు కదా అని అడిగాడు. కట్టు కట్టిన నాయన చేతిని ఎత్తి ఆయన మొహం ముందు పెట్టాను.

"భిన్నమైంది చిన్నాయనా. వేళ్ళు పోయినాయి. తీసకపోయి నీ గోడ వారన పారేస్తావా?"

"ఊరుకోరా" అన్నాడు నాయన.

నేను ఊరుకోలేదు.