షిగెనో అక్క కుట్టిన జెండా

హొనొలులు చేపల రేవు పక్కన మా వీధిలో ఏ పడవ జెండా చూసినా షిగెనో అక్క చేతి కుట్టే. వేటకెళ్లిన పడవ చేపలతో నిండితే, ఇంకా దూరాన ఉండగానే జెండా ఎగరేస్తారు. అది చూసి మేం ఆడవాళ్లం తలగుడ్డలు ఊపి, కత్తులు పట్టుకుని చేపల ఫ్యాక్టరీకి పరుగెత్తాలి. జపాను నుంచి మాతో పాటు సముద్రం దాటొచ్చిన ఆచారం అది. జెండా లేకుండా వచ్చిన పడవను ఎవరూ తలెత్తి చూడరు.

అందరికీ కుట్టిన మనిషికి సొంత జెండా ఎగిరే యోగం మాత్రం లేదు. మొగుడు కామెజిరో బంగారంలాంటి వాడే గాని, చేపలు అతనికి మొహం చాటేసేవి. ఫోటో చూసి పెళ్లికొప్పుకుని ఓడెక్కి వచ్చింది అక్క. "మీసాలు చూసి మోసపోయానే! మీసాలకి చేపలు పడతాయా?" అనేది.

మేం ఊరుకుంటామా? "అక్కా, మీ జెండాకి చెదలు పట్టాయా?" అనేదాన్ని.

"నీ మొగుడి జెండా కుట్టింది కూడా నేనే హత్సూ. విప్పేసి గోచీ కుట్టిస్తా, జాగ్రత్త!"

నవ్వేది గాని లోపల కుమిలిపోయేది. ఆ శీతాకాలం పట్టుబట్టి కొత్తది కుట్టింది. దుప్పటంత తెల్లగుడ్డ, మధ్యలో ఎర్రటి సూర్యుడు, కింద ఎగిరే చేప. "ఇది ఒక్కసారి ఎగిరితే చాలు, ఇంకేమీ అడగను" అని గుళ్లో మొక్కుకుంది. గురువారం కామెజిరో దాన్ని పడవలో పెట్టుకుని వేటకు పోయాడు. ఆ పడవలో రేడియో లేదు.

ఆదివారం పొద్దున పెర్ల్ హార్బర్‌లో యుద్ధనౌకల మీద బాంబులు పడ్డాయి. మొదట మన అమెరికా సైన్యమే సాధన చేస్తోందనుకున్నాం. ఇంతలో ఒక విమానం మా ఇళ్ల మీదుగా పోయింది. రెక్కల కింద ఎర్రటి సూర్యుడు! మా పుట్టినదేశం వాళ్లే మా బతుకుల మీద నిప్పులు పోశారు. ఆ పాపిష్టి రోజు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. మమ్మల్నీ శత్రువులనుకుంటారన్న భయంతో, మధ్యాహ్నానికల్లా వీధంతా జపాను చక్రవర్తి పటాలు, పుస్తకాలు పొయ్యిల్లో వేసేసింది. అక్క ఒక్కతే గుమ్మంలో కూలబడి ఉంది.

"నువ్వేం కాల్చలేదేంటక్కా?"

"కాల్చాల్సింది మీ బావ దగ్గరుందే" అంది.

అప్పటిగ్గాని నాకు వెలగలేదు. ఇద్దరం రేవుకు పరుగెత్తాం. కాపలా ఉన్న మనోయెల్ ఆమె చేతి చేపల పులుసు ఎన్నోసార్లు తిన్నవాడే.

"బాబ్బాబు, ఒక్క పడవ పంపించు. జెండా ఎత్తొద్దని చెబితే చాలు" అని అక్క అతని చేతులు పట్టుకుంది.

"పడవేదీ కదలకూడదని ఆర్డరమ్మా. కదిలితే నన్నూ కాల్చేస్తారు. ఇంటికెళ్లు తల్లీ."

అక్క ఇంటికెళ్లలేదు. గుడి మూసేశారని, రేవు రాళ్ల మీదే కూర్చుని చేతులు జోడించింది. "స్వామీ, ఈసారి ఒక్క చేప కూడా పడనీయకు. ఖాళీ పడవతో పంపించు" అని గొణుగుతూనే ఉంది. ఇన్నేళ్లు ఏ నోటితో చేపలడిగిందో ఆ నోటితోనే.

సోమవారం పొద్దున దూరాన పడవ కనిపించింది. దాని మీద తెల్లగా ఏదో రెపరెపలాడుతోంది. అక్క లేచి నిలబడి, తలగుడ్డ తీసి పిచ్చిదానిలా ఊపింది. "దించెయ్! దించెయ్యవయ్యా!" అని అరిచింది. ఆ అరుపు అక్కడిదాకా పోదు. తలగుడ్డ కనిపించినా, ఆడవాళ్లు సంతోషంతో ఊపుతున్నారనే అనుకుంటాడు. అనుకునే ఉంటాడు, ఎందుకంటే జెండాను ఇంకాస్త పైకి లాగాడు. మన అమెరికా విమానాలు రెండు వెనక నుంచి వచ్చాయి.

పడవను రేవుకు లాక్కొచ్చారు. అంచుల దాకా సూర చేపలే. అంత వేట మా వీధిలో ఎవరికీ ఎప్పుడూ పడలేదు. ఫ్యాక్టరీకి ఎవరూ పరుగెత్తలేదు, చేపలు అక్కడే కుళ్లిపోయాయి. ఒక అధికారి చిల్లులు పడ్డ జెండాను మా ముందు పరిచాడు. అందులో రంగెంతో, నెత్తురెంతో తెలియలేదు.

"ఇది ఎవరు కుట్టారు?" అన్నాడు.

మేమంతా తలలు దించుకున్నాం. "నేనే కుట్టాను" అంది అక్క. అతను ఆమెను తీసుకుపోయి, కొన్నాళ్లకు వదిలేశాడు. మళ్లీ ఆమె సూది పట్టలేదు. చచ్చిపోయేదాకా ఎవరు తలుపు తట్టినా, ఎవరని అడిగేది కాదు. లోపల నుంచే "నేనే కుట్టాను" అనేది.