సెగ తగలని డప్పు

బల్కంపేటలో నా టైలర్ షాపు వెనక సందులో సారయ్య ఇల్లు. పగలంతా అమీర్‌పేటలో సిమెంటు గోదాము దగ్గర బస్తాలు మోసేవాడు. అక్కడ మేస్త్రీ దగ్గర్నుంచి లారీ క్లీనరు దాకా అందరికీ అతను "ఒరేయ్". సారయ్య ఎదురు మాట్లాడే మనిషి కాదు. అన్నీ మింగి ఇంటికొచ్చి, గుప్పెడు వరిగడ్డి అంటించి డప్పు కాచేవాడు. తోలు బిగిసి, వేలితో తడితే ఖంగుమనేదాకా సెగ చూపించేవాడు. అప్పుడు గుండెకు ఆనించుకుని మొదలుపెట్టాడంటే నా షాపులో గుండీల డబ్బా కూడా అదిరేది.

మొదట్లో నాకు ఒళ్ళు మండేది. ఒకరోజు అతని భార్య మంగవ్వ జాకెట్టు గుడ్డ ఇవ్వడానికి వస్తే గట్టిగానే అడిగాను, ఏమిటీ రోజూ మోత అని.

"కోపం చేయకు జహూర్ భాయ్. పొద్దంత మింగిందంత గా తోలు మీద కక్కుతడు. అది లేకుంటె మా మీద కక్కుతుండె" అంది. ఆ తర్వాత నేను నోరెత్తలేదు.

డప్పంటే మన జనానికి బోనాలు, చావు. ఇంకేమీ తెలియదు. ఎల్లమ్మ బోనాల్లో సారయ్య ముందు నడిస్తే ఒళ్ళు మరిచి ఊగిన పెద్దమనుషులే, మర్నాడు అతను దాహానికి నీళ్ళడిగితే గేటు బయటే ఉండమనేవాళ్ళు. ఇది తలుచుకుంటే నాకిప్పటికీ కత్తెర గుడ్డ మీద సరిగ్గా నడవదు.

సారయ్యకు వాళ్ళ నాయన నేర్పిన దరువొకటి ఉండేది. అది చావుదీ కాదు, జాతరదీ కాదు. ఊరికే వినడానికి కట్టుకున్నది. నెమ్మదిగా మొదలై, ఎక్కి ఎక్కి, ఇక తోలు పగులుతుందేమో అనిపించినప్పుడు టక్కున ఆగిపోతుంది. నడుస్తూ కొట్టేది కాదది. కొట్టేవాడు నిలబడాలి, వినేవాడు కూర్చోవాలి. కానీ మాదిగోడి డప్పు ముందు ఎవరు కూర్చుంటారు? వాళ్ళ నాయన ముందు ఎవరూ కూర్చోకుండానే ఆయన పోయాడు. సారయ్యకు బతుకులో ఉన్న కోరికంతా అదే. జనం కుర్చీల్లో కూర్చుని ఆ దరువు మొదటి నుంచి చివరిదాకా వినాలి.

ఎనభై ఆరులో, బోనాలైన కొద్ది రోజులకు అచ్యుతరావు గారు సారయ్యను వెతుక్కుంటూ వచ్చారు. కోస్తా నుంచి వచ్చి అమీర్‌పేటలో ఇల్లు కట్టుకున్నాయన, ఏదో సాంస్కృతిక సంఘానికి కార్యదర్శి. పంజగుట్టలో కొత్తగా కట్టిన ఏసీ హాల్లో ఆదివారం మధ్యాహ్నం జానపద కళల సభ అట, పావుగంట డప్పు వాయించాలట. సారయ్య రెండుసార్లు అడిగాడు, జనం కూర్చునే వింటరా అని. ఆయన నవ్వి, హాలన్నాక కుర్చీలుండవా అన్నారు. ఆ రాత్రి సారయ్య నాచేత తెల్లచొక్కాకు కొలతలు తీయించుకున్నాడు.

ఆదివారం పొద్దుట్నుంచీ ముసురు. నేనూ, మంగవ్వా కూడా వెళ్ళాం. సారయ్య చంకలో డప్పు, గోనెసంచిలో వరిగడ్డి. గడ్డి చూసి వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపేశాడు. చేసేదిలేక సారయ్య గోడ పక్కన చూరు కింద డప్పు కాచుకున్నాడు. సంచి గేటు బయటే వదిలి లోపలికొచ్చాడు. మంగవ్వ కుర్చీలో కూర్చోబోతే ఎవరో కుర్రాడు వచ్చి, పాసులున్నవాళ్ళకమ్మా ఇవి అని తలుపు దగ్గర నిలబెట్టాడు.

ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చాడు. వచ్చినవాడు తక్కువ మాట్లాడాడా? ప్రజల కళ, మట్టి వాసన అంటూ అలా పోతూనే ఉన్నాడు. ఆ చలిగాలిలో డప్పు మెల్లగా మెత్తబడింది. సారయ్య మాటిమాటికీ వేలితో తట్టి చూసుకుంటున్నాడు. తన పేరు పిలవబోయే ముందు అచ్యుతరావు గారి దగ్గరికి వెళ్ళి, కొంచెం గడ్డి మంట వేసుకుంటానని బతిమాలాడు.

"హాల్లో నిప్పేంటి సారయ్యా? కొత్త తెరలు. మైకు పెడతాంగా, అదే మోగిస్తుంది" అన్నారాయన.

మైకు మోగించింది. చచ్చిన తోలు చప్పుడును హాలంతా మోగించింది. తడి గోడకు పిడక కొట్టినట్టు దబ్, దబ్. సారయ్య చెయ్యి తెగేలా కొట్టాడు. నాయన దరువు సగం కూడా ఎక్కలేదు. మధ్యలోనే ఆపేసి తలవంచుకున్నాడు.

జనం చప్పట్లు కొట్టారు. నాకు అక్కడ కాలింది. బాగాలేదని ఒక్కడన్నా లేచి పోయుంటే సారయ్య కొంత ఓర్చుకునేవాడు. వాళ్ళకు ఏ చప్పుడైనా ఒకటే. శాలువా కప్పి, ఫోటో తీసి పంపేశారు.

బయట గడ్డి సంచి వానకు నాని ముద్దయింది. సారయ్య దాన్ని కాలితో తన్నాడు. ఎదురుగా మా నజీరుద్దీన్ చాయ్ హోటల్ ఉంటే రోడ్డు దాటి తీసుకెళ్ళాను. సారయ్య చాయ్ అడగలేదు. బొగ్గుల పొయ్యి వైపు చూస్తూ నిలబడ్డాడు. నజీరుద్దీన్ అతని చేతిలో డప్పును చూసి, ఏమీ అడక్కుండా చాయ్ గిన్నె దించి పక్కన పెట్టాడు.

తోలు బిగిసింది. అప్పటికి వాన తెరిపిచ్చింది. సారయ్య రోడ్డు అంచున నిలబడ్డాడు. మంగవ్వ హోటల్లోంచి ఒక ఇనుప కుర్చీ ఈడ్చుకొచ్చి, అతనికెదురుగా వేసి, కొంగు సర్దుకుని కూర్చుంది.

"కూసున్న. కొట్టు" అంది.

కొట్టాడు. నెమ్మదిగా మొదలైంది. గోదాములో "ఒరేయ్"లు, గేటు బయటి నీళ్ళు, లోపలి చప్పట్లు, అన్నీ ఆ దరువులో ఎక్కుతున్నాయి. హోటల్లో కప్పులు గలగలమన్నాయి. రిక్షావాళ్ళు ఆగారు. అప్పుడే సభ ముగిసి కార్లు బయటికొచ్చాయి. దారికి అడ్డమని ఒకదాని వెనకొకటి హారన్లు. లోపల చప్పట్లు కొట్టిన చేతులే ఈ హారన్లు కొట్టేవి కూడా.

ముందు కారులో అచ్యుతరావు గారు అద్దం దించారు.

"ఏంటి సారయ్యా ఇది? లోపల వాయించావుగా. మళ్ళీ రోడ్డు మీదెందుకు?"

సారయ్య చెయ్యి ఆగింది.

"లోపట నేను కొట్టలే సార్. ఇప్పుడు కొడుతున్న. జర ఇనుండ్రి."

ఆయన ఒకసారి వెనక కార్ల వైపు, ఒకసారి డప్పు వైపు చూసి అద్దం పైకెత్తేశారు. హారన్లు మళ్ళీ మొదలయ్యాయి.

సారయ్య నాయన దరువును మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు. మంగవ్వ కుర్చీలోంచి లేవలేదు.