ఇసక అంటిన అక్షరాలు

నా ఫాంట్‌ని ఒక డిజైన్ కంపెనీ తీసుకున్నాదండీ! మా ఇంట్లో మొదటి డిగ్రీదాన్ని నేనే. ఇప్పుడు నేను గీసిన అక్షరాలు పోస్టర్ల మీదకి వస్తాయంట!

మొన్న కళింగపట్నంలో, మా పడవల మీది పేర్లలా తోకలు తిప్పి గీసిన అక్షరాల కాగితాల్ని ఎండేసిన చేపల పక్కన ఇసకలో ఆరబెట్టాను. సాయంత్రంలోగా కంపెనీకి పంపాలి. వచ్చి చూస్తే అన్నీ బోర్లా ఉన్నాయి!

"అమ్మా, ఏటి సేసినావే?"

"ఒక పక్కే ఎండితే ఎలాగే? సేపల్తో పాటు తిరగేసినాను."

పచ్చి రంగు నిండా ఇసక. మళ్లీ గీసే టైం లేదు. ఏడుస్తూ వాటినే ఫోటో తీసి పంపాను. ఆ గరుకే నచ్చిందంట వాళ్లకి!

ఇంకా కోటబొమ్మాళి మావకి, శ్రీకాకుళంలో డ్రాయింగ్ మాస్టారికి, సముద్రం మీద వేటకెళ్లిన నాన్నకి సిగ్నల్ అందగానే ఫోన్ చెయ్యాలి. అమ్మ పక్కనే కూకుని, "నాను తిరగేసినానని అందరికీ సెప్పు" అంటన్నాది.