పనసచెట్టుకు పూచీ

నగరం అంచున హూడిలో మేము అద్దెకుండే ఇంటి వెనక ఒక పనసచెట్టు ఉండేది. చెట్టు ఓనరుదే గానీ కాయలు తినేది మేమే. వాళ్లింట్లో ఎవరూ వాటిని ముట్టేవారు కాదు. వాసనట, జిగురట. చేతులకు నూనె రాసుకుని కోసే ఓపిక ఎవరికుంది? ఆ ఇంటి పిల్లలే అంగట్లో ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి అమ్మే నాలుగు తొనలు కొని తెచ్చుకోవడం కళ్లారా చూశాను. ఒళ్లు మండేది.

కరోనా లాక్‌డౌన్‌లో నాన్నకు గారపని ఆగిపోయినప్పుడు మమ్మల్ని సాకింది ఆ చెట్టే. లేతకాయతో కూర, ముదురుకాయతో పులుసు, గింజలు ఉడకేసి ఉప్పూకారం. మొహం మొత్తింది గానీ కడుపు మాడలేదు.

తర్వాత ఓనరు బండ్లు పెట్టుకోవడానికి పెరడంతా, చెట్టు మొదలు దాకా, సిమెంటు వేయించాడు. చెట్టు కాయడం మానేసింది. ఆకులు రాలితే తిట్టుకోవడానికి తప్ప దాని వైపు చూసినవాళ్లు లేరు, మా అవ్వ ఒక్కతే తప్ప. సిమెంటు పగిలిన చోట రోజూ బియ్యం కడిగిన నీళ్లు పోసేది.

అక్కడితో ఆగినా బాగుండేది. అవ్వ పుట్టింది మడకశిర వైపు. ఆ ఊళ్లో కాయని చెట్టును బెదిరిస్తారట. ఒకరు కొడవలి ఎత్తాలి, ఇంకొకరు అడ్డంపడి బతిమాలాలి. ఏటా చలికాలం మొదట్లో ఆ రెండో వేషం నాకు పడేది.

"సుమ్నె, ఊరికే నిలబడుకోనుండాది. ఈపొద్దు దీన్ని నరికేస్తా" అని అవ్వ కొడవలి ఎత్తేది.

"వద్దవ్వా, వదిలెయ్. వచ్చే ఏడు కాస్తాది."

"కాయకపోతే?"

"నేను పూచీ."

పక్క అపార్ట్‌మెంట్ బాల్కనీల్లోంచి జనం చూస్తుంటే నాకు తల కొట్టేసినట్టుండేది. గొణిగితే అవ్వ ఊరుకునేది కాదు. "చెట్టుకు ఇనపడల్ల, గట్టిగా చెప్పు మే" అనేది.

పోయిన వానాకాలంలో అవ్వ చనిపోయింది. ఆ చలికాలం కొడవలి ఎత్తేవాళ్లు లేరు, నేనూ పెరట్లోకి పోలేదు. అయినా చెట్టు కాసింది. మొదలు నుంచి కొమ్మల దాకా వేలెడంత పిందెలు, గుత్తులు గుత్తులుగా. చూసి సంతోషించలేకపోయాను. చూడాల్సిన మనిషి లేదే అని ఏడుపొచ్చింది.

కాయలు కొబ్బరికాయంత అయ్యేసరికి ఓనరు ఆ జాగాలో పీజీ హాస్టల్ కడతానన్నాడు. అవి ముదిరేదాకా ఆగమని అడిగాను. "అంగట్లో దొరకవా?" అన్నాడు. ఆయన వెటకారంగా అనలేదు. నిజంగానే అడిగాడు.

మర్నాడు రంపం మిషన్ మోగగానే పెరట్లోకి పరుగెత్తాను. నోటికి అలవాటైన మాటే వచ్చింది.

"వద్దవ్వా, వదిలెయ్. వచ్చే ఏడు కాస్తాది."

మిషన్ పట్టుకున్నతను దాన్ని ఆపేశాడు. తనను అవ్వా అన్నానని నవ్వలేదు. తర్వాత విన్న యాసను బట్టి అనంతపురం వైపు మనిషిలా ఉన్నాడు, చెట్టును బెదిరించే ఆ తంతు వాళ్ల ఊళ్లోనూ ఉన్నట్టుంది. చెట్టును పైనుంచి కిందికి ఒకసారి చూశాడు.

"కాసే ఉండాది కదమ్మా" అన్నాడు మెల్లగా.

చేతికందిన కాయలన్నీ కోసి నా ముందు పెట్టి, మళ్లీ మిషన్ ఆన్ చేశాడు. నేనిచ్చిన మాట చెట్టు నిలబెట్టింది. పూచీ పడ్డదాన్ని, నేను చూస్తూ నిలబడ్డాను.