బాల్కనీ కింది కట్టెలు

మా ప్రేమమ్మత్త దేన్నీ ఊరికే నమ్మదు. బెండకాయ కొన విరిచి చూడందే కొనదు. కుండల అంగట్లో ప్రతి కుండనూ వేలితో కొట్టి చెవి దగ్గర పెట్టుకుని వింటుంది. అంగడివాడు లోలోపల ఎంత తిట్టుకున్నా ఆమెకు పట్టదు. ఎర్రగుంట్ల హాస్టల్లో వంటమనిషిగా ఉన్నన్నాళ్లూ బియ్యం బస్తా అడుగుదాకా చెయ్యి పెట్టి చూశాకే దించనిచ్చేది. ఆమెను మోసం చేయాలనుకునేవాళ్లు వేరే ఊరు చూసుకోవడం మంచిది.

అలాంటి మనిషి కళ్లు మూసుకుని నమ్మింది ఇద్దరినే. ఒకరు ఆమె భర్త, సిమెంటు లారీ నడిపిన గాబ్రియేలు మామ. ఆయన పోయి చాలా కాలమైంది. రెండోవాడు ఆమె తమ్ముడు, మేస్త్రీ వసంతకుమార్. అంటే మా నాన్న. రోడ్డు కనిపించే బాల్కనీ ఉన్న ఇల్లు కట్టుకోవాలని మామ కోరిక. కూర్చుని పోయే లారీలను చూడాలట! రోజంతా నడిపింది చాలలేదు కాబోలు. ఆ కోరికను అత్త మోసుకుంటూ వచ్చి, చివరికి నాన్న చేతిలో పెట్టింది.

ఇల్లు పూర్తయింది. శనివారం సాయంత్రం గృహప్రతిష్ఠ ప్రార్థన పెట్టుకున్నారు. ఉన్న చిక్కల్లా బాల్కనీ కింద ఆసరాగా పెట్టిన సెంట్రింగ్ కట్టెలు. స్లాబు వేసి నెలలు దాటినా నాన్న వాటిని తీయలేదు. అడిగితే "ఉండనీక్కా, తొందరేముండాది" అని తప్పించుకునేవాడు. నాన్న పని మీద ఆలూరు పోయిన రోజు చూసి అత్త కూలీలతో వాటిని పీకించేసింది. ప్రార్థనకు వచ్చే సంఘం ముందు ఇంటికి ఊతకర్రలు ఏమిటని ఆమె బాధ.

శుక్రవారం సాయంత్రం చూస్తే, బాల్కనీ గోడను కలిసేచోట నేల మీద సన్నని పగులు కనిపించింది. అత్త నాన్నకు ఫోన్ చేసింది. నేను పక్కనే ఉన్నాను. స్పీకర్లో నాన్న గాభరాగా అన్నాడు.

"కట్టెలు ఎవురు తీయమనింది? నేనొస్తాండా. అంతవరకు ఆడికి ఎవురినీ పోనీయొద్దు."

"ఎందుకురా? ఏమి చేసినావు దాంట్లో?"

"వచ్చినాక చెప్తాలేక్కా."

"ఇనుప కమ్మీలు తక్కువేసినావా, వసంతా? అక్క ఇంట్లోనే దొంగతనమా?"

నాన్న మళ్లీ "ఎవురినీ పోనీయొద్దు" అని మాత్రం అన్నాడు. అత్త ఫోన్ పెట్టేసి నావైపు తిరిగింది. "స్తుతీ, కొత్త ఇండ్లు పరీక్ష చేసేవాళ్లు కడపలో ఉండారంట గదా. పిలిపించు."

నాకు ఒళ్లు మండిపోయింది. మా నాన్న దొంగో కాదో తేల్చే మనిషిని నేనే వెతికిపెట్టాలి! అయినా వెతికాను. దొంగ కాడని తేలాలని నాకే ఎక్కువ ఆశ.

శనివారం మధ్యాహ్నం తేజేశ్వర్ అనే ఇంజనీరు వచ్చాడు. టైల్సు కొట్టి చూశాడు, స్నానాల గదిలో నీళ్లు పోసి ఎటు పారుతున్నాయో చూశాడు, స్విచ్చులన్నీ నొక్కాడు. అత్త నీడలాగా అతని వెంటే తిరిగింది. ఆ చిన్న చిన్న లోపాలు ఆమెకు వినపడనే లేదు. కాంక్రీటులో కమ్మీ ఎక్కడుందో చూపే మిషను తీసి అతను బాల్కనీ తలుపు దగ్గర వంగేసరికి ఆమె నా చెయ్యి పట్టుకుంది.

అతను పైనుంచి చూశాక, నిచ్చెన వేసుకుని కిందినుంచీ చూశాడు. సరిగ్గా అప్పుడే నాన్న బస్సు దిగి వచ్చాడు. ఎవరినీ పలకరించలేదు. గోడకు ఆనించిన కట్టెల్లో ఒకటి తీసి బాల్కనీ కింద నిలబెట్టడం మొదలుపెట్టాడు.

తేజేశ్వర్ నిచ్చెన దిగి అన్నాడు: "ఇనుము తక్కువ ల్యాదమ్మా. కావాల్సినదానికంటే ఎక్కువే ఉండాది."

నేను గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను.

"కానీ ఉండాల్సినచోట ల్యాదు. ఇట్ల బయటికొచ్చిన బాల్కనీకి కమ్మీలు పైభాగాన ఉండాల, బరువును పట్టి లాగేది అవే. ఇవి అడుక్కు దిగిపోయినాయి. కాంక్రీటు పోయకముందు ఎవురో బాగా తొక్కినారు. ఈ కట్టెలు ల్యాకుండా దీనిమింద నలుగురు నిలబడినా ప్రమాదమే."

"నేనే తొక్కినా," అన్నాడు నాన్న తలెత్తకుండా. "చూసుకోల్యా."

"అబద్ధం!" అని అరిచాను. నాకు బాగా గుర్తుంది, ఫోటో తీసింది నేనే. స్లాబు వేసే ముందు అత్త ప్రార్థన పెట్టించింది. పాస్టరుగారు, సంఘం స్త్రీలు అందరూ ఆ కమ్మీల మీదే నిలబడి పాడారు. అందరికంటే ముందు, బాల్కనీ కొసన, అత్త.

ఆ మాట పూర్తిగా చెప్పానో లేదో, పైన నవ్వులు వినపడ్డాయి. తలెత్తి చూశాం. ముందుగానే వచ్చిన పాస్టరుగారు, స్త్రీలు బయటి మెట్ల మీదుగా ఎక్కి బాల్కనీలోకి నడుస్తున్నారు. వాళ్లలో సంతోషమ్మ పిట్టగోడకు పూలదండ కడుతోంది. కింద ఉన్నది ఒకే కట్టె.

నాన్న ఆ కట్టెను రెండు చేతులా పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

అత్త పాస్టరుగారి మాటకు ఏనాడూ ఎదురు చెప్పిన మనిషి కాదు. పైన ఆయన కళ్లు మూసుకుని చేతులెత్తారు, స్త్రీలు పాట అందుకున్నారు.

"అయ్యగారూ! దిగండి!"

అత్త అరుపు వీధంతా వినపడింది. పాట ఆగిపోయింది.

"ప్రార్థన తరువాత చేసుకుందాం. ముందు లోపలికి పోండి, ఒక్కొక్కరే. తొందరగా!"

వాళ్లు బిత్తరపోయి ఒక్కొక్కరే గదిలోకి వెళ్లారు. చివరి కాలు గడప దాటేదాకా మేమెవరమూ కదలలేదు. ఆ సాయంత్రం ప్రార్థన వీధిలో జరిగింది. పాస్టరుగారు ఏమాత్రం నొచ్చుకోలేదు.

సోమవారం నాన్న బాల్కనీని పగలగొట్టడం మొదలుపెట్టాడు. అత్త టీ గ్లాసు తెచ్చి పక్కన నిలబడింది.

"ఆపొద్దు కమ్మీల మిందినుంచి దిగమని చెప్పింటే దిగకపోదునా?"

"కమ్మీలు మళ్లా లేపినానక్కా. కాంక్రీటు కలిపే మిల్లర్ తిరుగుతాండె, కూలోళ్లు తొందర చేస్తాండ్రి. సరిపోయిందనుకున్యా. తరువాత అనుమానమొచ్చి కట్టెలు ఉంచినా."

నాన్నది తప్పే. మనుషులు చచ్చిపోయేవాళ్లు. నేనా మాట ఆయన ముఖం మీదే అన్నాను, ఇప్పటికీ అంటాను.

"నిన్ను దొంగంటి గదరా," అంది అత్త. "అప్పుడైనా చెప్పొచ్చు గదా."

నాన్న సుత్తి కింద పెట్టాడు.

"ఆపొద్దు కమ్మీల మింద నిలబడి నువ్వు బావ పేరు చెప్పి ఏడుస్తాంటివి. ఆయన కోరిన బాల్కనీని నువ్వే తొక్కి చెడగొట్టినావని నీతో ఎట్ల చెప్పేదక్కా?"

అత్త టీ గ్లాసు ఆయన చేతికివ్వబోయి ఇవ్వలేకపోయింది. దాన్ని అలాగే పట్టుకుని ఆ కాంక్రీటు ముక్కల మధ్య కూర్చుండిపోయింది.