తాబేలు నిరాహారం

ఇది మహాకావ్యం కావలసిన కథ. కాదులెండి, ఇందులో ఉన్నది నేనూ, మా పెంపుడు తాబేలూ. ఊళ్లో గొడవలతో గడబిడగా ఉన్న రోజుల్లో మావాళ్లంతా కోదాడ చుట్టాలింటికి వెళ్లిపోతే, సూర్యాపేట ఇంట్లో మేమిద్దరం మిగిలాం. ఒంటరిగా ముద్ద దిగక, రోజూ మాపటికి దాని ముందు కూడా పెరుగన్నం పెట్టేవాణ్ణి. అది ముట్టేది కాదు. ఇంటివాళ్ల మీది బెంగతో డొప్ప లోపల నాలాగే చిక్కిపోతున్నదనుకున్నాను.

పక్కింటి అవ్వతో దాని బెంగ సంగతి చెబితే, "రందీ లేదు గిందీ లేదు పిలగా. ఆకులు మేసేదానికి పెరుగన్నం పెడితే ఎట్ల తింటది? గరక, బచ్చలాకు, మందారపూలు మార్చి మార్చి పెట్టు" అన్నది.

పొద్దున ఎండలో పెడితే అన్నీ తిన్నది. మాపటికి పెడితే వాసన కూడా చూడలేదు, మళ్లీ ఒక్కణ్ణే తిన్నాను. మర్నాటి నుంచి నా కంచం పొద్దున్నే పెరట్లోకి మార్చాను. తాబేలుకు ఒళ్లు వేడెక్కితేనే ఆకలవుతుంది.